ఇరుసు మీద ఇల్లు

అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవాళ్లు డ్రైవరు తలుపు తెరిచి చూస్తే, లోపలి స్తంభం మీద ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కరది. అందులోనే ఇంకో ముక్క కూడా ఉంటుంది: మనుషులూ సామానూ అన్నీ కలిపి ఇన్ని కిలోలు దాటకూడదని. చాలామంది దాన్ని చదవనే చదవరు. షోరూములో వాళ్లకు చెప్పిన అంకె వేరు. అది ట్రక్కు ఎంత లాగగలదో చెప్పే అంకె; మూడు టన్నులు, నాలుగు టన్నులు అంటూ ఘనంగా ఉంటుంది. కానీ లాగడం వేరు, మోయడం వేరు. వీపున ఎంత మోయగలదో స్టిక్కరే చెబుతుంది, అది ఐదారు వందల కిలోల దగ్గరే ఆగిపోయే ట్రక్కులు చాలా ఉన్నాయి. ఒకే మోడల్లో రెండు ట్రక్కులకు కూడా ఆ అంకె ఒకటిగా ఉండదు. సన్‌రూఫ్, పెద్ద సీట్లు, నాలుగు చక్రాల డ్రైవ్ లాంటి హంగులు పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది, ఎందుకంటే ఆ హంగుల్ని కూడా మోయాల్సింది ఆ చక్రాలే.

ఆ పికప్ వెనుక తొట్టిలో ఎక్కించే చిన్న గదినే ట్రక్కు క్యాంపర్ అంటారు. పడక సాధారణంగా డ్రైవరు క్యాబిన్ నెత్తి మీదికి చొచ్చుకొచ్చి ఉంటుంది. కింద వంటకు కొంత చోటు, ఒక బల్ల, నీళ్ల ట్యాంకు. మజిలీ చేరాక నాలుగు మూలలా జాకీలు దించి గదిని వాటి మీద నిలబెట్టేసి, కింది నుంచి ట్రక్కును బయటికి తీసుకుని ఊళ్లోకి వెళ్లి రావచ్చు. వెనక తగిలించుకునే ట్రైలరు ఇళ్లూ, బస్సంత మోటారు ఇళ్లూ వెళ్లలేని మట్టిదారుల్లోకి ఇది వెళ్తుంది. 1960లో నవలా రచయిత జాన్ స్టైన్‌బెక్ ఇలాంటి గదిని ఒక జీఎంసీ ట్రక్కు మీద పెట్టించుకుని, చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని దేశం చుట్టి వచ్చారు. ట్రక్కుకు డాన్ క్విక్సోట్ గుర్రం పేరు, రోసినాంటే, పెట్టుకున్నారు. అవసరానికి మించి సామాను ఎక్కించాననీ, ఎప్పుడూ చదవకుండా వదిలేసిన పుస్తకాలే మోపెడు వెంట తెచ్చుకున్నాననీ ఆయనే రాసుకున్నారు. ఒరెగాన్‌లో వాన కురుస్తుండగా వెనుక టైరు పేలింది. ఆ ట్రక్కు ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది.

మన ట్రక్కు స్టిక్కరు మీద 600 కిలోలు అని ఉందనుకుందాం. ఇద్దరు మనుషులు 140 కిలోలు. నీళ్లు 75 లీటర్లు, అంటే 75 కిలోలు. తిండి, గిన్నెలు, పరుపు, దుప్పట్లు, బట్టలు కలిపి 80. గ్యాసు సిలిండరు 10. బ్యాటరీ, వైర్లు, సోలార్ పలక 30. పనిముట్లు, తాళ్లు, బురదలో దిగబడితే తవ్వుకోవడానికి పార, ఇవన్నీ 25. మొత్తం 360 అయింది. ఇక మిగిలిన 240 కిలోల్లోనే నేల, గోడలు, కప్పు, తలుపు, కిటికీలు, బల్ల, అలమర అన్నీ సర్దుకోవాలి. కంపెనీలు గట్టి గోడలతో చేసి అమ్మే క్యాంపర్లలో ఖాళీగా ఉన్నప్పుడే ఏడెనిమిది వందల కిలోలు తూగేవి మామూలు. వెయ్యి దాటేవీ తక్కువేం కాదు. వాటికోసం ఇంకా పెద్ద ట్రక్కు కావాలి, ఆ ట్రక్కుకు ఇంకా ఎక్కువ డీజిలు కావాలి. సొంతంగా కట్టుకునేవాళ్లు డబ్బు మిగుల్చుకోవడానికే కడతారని బయటివాళ్లు అనుకుంటారు. పనిముట్ల ఖర్చు, వారాంతాలన్నీ అందులో పోసిన కాలం లెక్కేస్తే మిగిలే డబ్బు అంతంతమాత్రమే. నిజంగా మిగిలేది బరువు.

వడ్రంగం కొద్దిగా తెలిసినవాడికి మొదట తట్టేది ప్లైవుడ్ డబ్బా. మనం అనుకున్న గదిలో నేల, గోడలు, కప్పు, పడక అడుగు అన్నీ పరిచి కొలిస్తే సుమారు 22 చదరపు మీటర్లు వస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు ఏడు కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే పలకలే దాదాపు 160 కిలోలు. ఆ పలక ఒంటరిగా నిలబడదు, మధ్యలో కుంగుతుంది. కాబట్టి చెక్క బద్దలతో చట్రం కావాలి. చలికీ ఎండకీ లోపల ఏదో కూరాలి. దాన్ని కప్పడానికి లోపలివైపు ఇంకో పలక. మరలు, బ్రాకెట్లు. పని పూర్తయ్యేసరికి మన 240 ఎప్పుడో దాటిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అంత బరువున్న ఆ డబ్బాలో చాలా భాగం చెక్క ఏ పనీ చేయదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే పలక వంగేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి. రెండు కొసలా ఆనించిన పలక మధ్యలో మీరు నిలబడితే అది కిందికి వంగుతుంది. అప్పుడు పైతట్టు దగ్గరికి నొక్కుకుంటుంది, కిందితట్టు సాగుతుంది. నడిమధ్యన ఉన్న పొర నొక్కుకోదు, సాగదు. మీ బరువును ఆపడంలో దాని వాటా దాదాపు శూన్యం. పైనుంచి కిందికి పోయేకొద్దీ పని తగ్గుతూ మధ్యలో సున్నా అయి మళ్లీ పెరుగుతుంది. అంటే కష్టమంతా రెండు చర్మాలది, మధ్యదంతా ఉత్త భారం. రైలు పట్టాను ఆ ఆకారంలో చేసేది అందుకే: పైనా కిందా లావు, నడుం సన్నం.

సరే, నడుమ ఉన్న చెక్క తీసేసి ఆ స్థానంలో దాదాపు బరువే లేనిదాన్ని పెడితే? లెక్క చాలా తేలిక. పలక ఎంత గట్టిగా వంగకుండా నిలుస్తుందన్నది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 4 మిల్లీమీటర్ల పలకను తీసుకుని, 2 మిల్లీమీటర్ల చొప్పున రెండుగా చీల్చి, మధ్యన 4 మిల్లీమీటర్ల ఫోమ్ అతికించండి. మొత్తం మందం 8. ఎనిమిది ఘనం 512, మధ్యన పని చేయని నాలుగు మిల్లీమీటర్లకు 64 తీసేయండి, 448 మిగిలింది. మొదటి పలకకు నాలుగు ఘనం, 64. భాగిస్తే 7 వచ్చింది. పదార్థం అంతే, వంగకుండా నిలిచే శక్తి ఏడు రెట్లు. ఫోమ్ మందం 12 మిల్లీమీటర్లు చేస్తే అదే లెక్కలో 37 రెట్లు. పెరిగిన బరువు దాంతో పోలిస్తే చాలా తక్కువ. ఫోమ్ కూడా కొద్దిగా జారుతుంది కాబట్టి నిజంలో ఇంత పూర్తిగా రాదు, కానీ దరిదాపుల్లోకి వస్తుంది.

ఆ జారడం దగ్గరే అసలు కిటుకంతా ఉంది. ఒక లావుపాటి నోటుపుస్తకాన్ని వంచి చూడండి. తేలిగ్గా వంగుతుంది, కొసన పేజీలు మెట్లలా ఒకదాని మీంచి ఒకటి జారి ఉంటాయి. అన్ని పేజీలకూ మధ్య జిగురు పూసి ఆరబెడితే అదే పుస్తకం చెక్కలా బిగుసుకుపోతుంది. రెండు చర్మాలు ఒకదాన్నొకటి దాటి జారకుండా పట్టి ఉంచడం, వాటి మధ్య దూరం తగ్గకుండా చూడడం, పలచటి చర్మం ముడతలు పడకుండా వెనక నుంచి ఆనుగా నిలవడం, ఇవే నడుమ ఫోమ్ చేసే పనులు. ఇందుకు అది బలంగా ఉండనక్కర్లేదు, అతుకు మాత్రం బలంగా ఉండాలి. అతుకు ఊడిన మరుక్షణం మీ చేతిలో ఉన్నవి రెండు పలచటి రేకులూ ఒక థర్మోకోల్ ముక్కా.

బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ రెండో ప్రపంచయుద్ధంలో ఈ సూత్రంతోనే ఒక యుద్ధవిమానాన్ని చెక్కతో చేసింది. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరిన ఆ మస్కిటో విమానం మొండెం లోపల నడుమ బాల్సా చెక్క ఉండేది, దానికి అటూ ఇటూ బర్చ్ ప్లైవుడ్. బాల్సా చాలా తేలికైన చెక్క. అల్యూమినియం కరువైన కాలంలో కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలు దాని భాగాలు చేశాయి. చాలా జర్మన్ విమానాలకు అందనంత వేగంగా పోయేది. అదే విమానం 1944లో మన దేశపు ఎండల్లో, వానల్లో పనిచేస్తున్నప్పుడు కొన్నిటి రెక్కల అతుకులు ఊడి కూలిపోయాయి. పాలలోని కేసీన్‌తో చేసిన జిగురు ఈ వాతావరణానికి ఆగలేదని మొదట అనుకున్నారు. కాదు, కార్ఖానాలో చర్మానికీ లోపలి దూలానికీ మధ్య అతుకే సరిగా కుదర్చలేదని తర్వాతి విచారణ తేల్చింది. నేరం జిగురుదైనా చేతిదైనా, పొరల నిర్మాణానికి ప్రాణం ఎక్కడుందో ఆ రెక్కలు చెప్పాయి.

విమానం నుంచి ఇంటి గ్యారేజీకి ఈ విద్యను తెచ్చినవాడు బర్ట్ రూటాన్. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో పనిచేసిన ఈ ఇంజనీరు 1975లో వేరీఈజీ అనే చిన్న విమానాన్ని ఎగరేశాడు. దానికి అచ్చులు లేవు. మామూలుగా ఫైబర్‌గ్లాస్ వస్తువు చేయాలంటే ముందు అచ్చు చేయాలి, ఒక్క వస్తువు కోసం అచ్చు చేయడం గిట్టుబాటు కాదు. రూటాన్ దాన్ని తిరగేశాడు: వేడి తీగతో ఫోమ్ దిమ్మెను కావలసిన ఆకారంలో కోసి, దాని మీదే గ్లాసుబట్ట పరిచి ఎపాక్సీ అనే గట్టిపడే రెజిన్ పూశాడు. ఫోమే అచ్చు, ఫోమే నడుం. ప్లాన్లు కొనుక్కుని ఎందరో తమ గ్యారేజీల్లో ఇలాంటి విమానాలు కట్టుకున్నారు. ఆయన రూపొందించిన వాయేజర్ విమానం 1986 డిసెంబరులో మధ్యలో ఎక్కడా దిగకుండా, ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టి వచ్చింది. దాని దేహం బరువు 426 కిలోలు. అది నేల వదిలినప్పుడు మోసిన ఇంధనం మూడు టన్నుల పైమాటే.

మనకు భూమి చుట్టాల్సిన పని లేదు కాబట్టి వాయేజర్ మాదిరి కార్బన్ నారలు అక్కర్లేదు. కావలసింది ఎక్స్‌పీఎస్ ఫోమ్. మన థర్మోకోల్‌కు దగ్గరి బంధువే, రెండూ పాలిస్టైరీనే. థర్మోకోల్ గింజల్ని ఉబ్బించి అతికించినది, విరిస్తే గింజలు రాలతాయి. ఎక్స్‌పీఎస్ కరిగిన ముద్దను నురగగా మార్చి పలకగా తీసినది, గింజలుండవు, నీరు దాదాపు పీల్చదు. అమెరికాలో ఇళ్ల గోడల కోసం గులాబీ లాంటి రంగుల్లో ఎనిమిదడుగుల పలకలుగా అమ్ముతారు. ఘనమీటరుకు 30 కిలోలు. 40 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 1.2 కిలోలు. చదరపు మీటరుకు 200 గ్రాములుండే గ్లాసుబట్ట లోపలొక వరస, బయటొక వరస; ప్రతి వరసకూ ఇంచుమించు దాని బరువంత ఎపాక్సీ. అన్నీ కలిపితే చదరపు మీటరుకు 2 కిలోలు. మన 22 చదరపు మీటర్లకు 44 కిలోలు! దీనికి నేల మీద అడుగుల దెబ్బ తట్టుకునే పలచటి ప్లైవుడ్, మూలలకు ఇంకో రెండు వరసల బట్ట, తలుపు, కిటికీలు, రంగు కలపాలి. చేత్తో పూసే ఎపాక్సీ ఎప్పుడూ లెక్కకంటే ఎక్కువే పడుతుంది. అయినా గది 120, 130 కిలోల్లో తేలుతుంది. బల్లకూ అలమరకూ చోటు మిగిలింది.

ఇక్కడ ఒక్క తప్పు మొత్తం పనిని కరిగించేస్తుంది, అక్షరాలా. ఫైబర్‌గ్లాస్ పనివాళ్లు పడవలకూ నీళ్ల ట్యాంకులకూ వాడే చవక రెజిన్ పాలియెస్టర్. అందులో స్టైరీన్ ద్రవం ఉంటుంది, అది పాలిస్టైరీన్ ఫోమ్‌ను చక్కెరలా తినేస్తుంది. ఎపాక్సీ తినదు. అనుమానముంటే చిన్న ముక్క మీద పూసి ఒక రాత్రి వదిలేసి చూడాలి. ఎక్స్‌పీఎస్ పలక ఉపరితలం నున్నగా మెరుస్తూ ఉంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. గరుకు కాగితంతో రుద్ది ఆ మెరుపు పోగొట్టాలి. గ్లాసుబట్ట పదునైన మూల మీంచి మడత పడదు, పైకి లేచి కింద గాలి చేరుతుంది. అంచుల్ని గుండ్రంగా అరగదీయాలి. జాకీ బిగించే చోట, గొలుసు కట్టే చోట, తలుపు కీలు దగ్గర బోల్టు వేసి బిగిస్తే ఫోమ్ నలిగిపోయి చర్మం లోపలికి దిగబడుతుంది. అలాంటి చోట్ల ముందే ఫోమ్ తవ్వేసి గట్టి చెక్క దిమ్మెను పొదిగి, దాని మీంచి బట్ట పోనివ్వాలి.

ఎపాక్సీ ఖరీదు భరించలేనివాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. గ్లాసుబట్టకు బదులు నూలు కాన్వాసు, ఎపాక్సీకి బదులు వడ్రంగులు వాడే నీళ్లకు తట్టుకునే జిగురు, పైన ఇళ్ల గోడలకు వేసే లేటెక్స్ రంగు నాలుగైదు పూతలు. దీన్ని పేదవాడి ఫైబర్‌గ్లాస్ అని సరదాగా పిలుచుకుంటారు. గ్లాసంత గట్టిది కాదు. చెట్టుకొమ్మ గీరితే చిరుగుతుంది. కానీ చిరిగిన చోట గుడ్డముక్క, జిగురు, రంగుతో అతుకు వేసుకోవచ్చు, చేతులకు దురద పుట్టదు, ముక్కుకు వాసన పట్టదు. మొదటిసారి కట్టేవాడికి నేనైతే దీన్నే సిఫారసు చేస్తాను.

రంగు ఏదైనా వేసుకోవచ్చనుకోకండి. పాలిస్టైరీన్ 75 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలుపెడుతుంది. గది వేడిలోనే గట్టిపడిన మామూలు ఎపాక్సీ ఇంకా ముందే, యాభై అరవై డిగ్రీల దగ్గరే పట్టు సడలుతుంది. అరిజోనా ఎండలోనో మన రెంటచింతల ఎండలోనో నిలిపిన నల్ల రంగు పైకప్పు ఆ వేడికి సునాయాసంగా చేరుతుంది. రూటాన్ ఫోమ్ విమానాలు తెల్లగా ఉండడానికి కారణం అందం కాదు.

గది తేలికైంది. ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. ఎడ్లబండి తోలినవాడికి దీని జవాబు పుట్టుకతో తెలుసు: బస్తాలన్నీ ఇరుసుకు వెనకవైపు వేస్తే బండి వెనక్కి మొగ్గి, నొగ పైకి లేచి, కాడి ఎద్దుల మెడల్ని వదిలేస్తుంది. ట్రక్కులో ఎద్దుల స్థానంలో ముందు చక్రాలున్నాయి, దారి తిప్పేవీ బ్రేకులో పెద్ద వాటా మోసేవీ అవే. క్యాంపర్ గరిమనాభి వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక పడిందనుకుందాం. క్యాంపర్, సామాను కలిసి 500 కిలోలు, ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 3.6 మీటర్లు. 500ను 0.3తో గుణించి 3.6తో భాగిస్తే 42. అంటే వెనుక ఇరుసు మీద 500 కాదు, 542 కిలోలు పడుతున్నాయి. ముందు చక్రాల మీద నుంచి 42 కిలోలు లేచిపోయాయి. తడిరోడ్డు మీద స్టీరింగు తిప్పితే ట్రక్కు ఆలోచించుకుని తిరుగుతుంది. గరిమనాభి ఇరుసుకు కాస్త ముందు పడేలా నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, గ్యాసు లాంటి బరువులన్నిటినీ ముందు గోడ వైపు, నేలకు ఆనించి పెట్టడమే దీనికి మందు. కంపెనీలు తమ క్యాంపర్ పక్కగోడ మీద గరిమనాభి ఎక్కడుందో గుర్తు పెట్టి ఇస్తాయి. సొంతంగా చేసుకున్నవాళ్లు గదిని ఒక గుండ్రటి పైపు మీద నిలబెట్టి అటూ ఇటూ మొగ్గనిచ్చి కనుక్కోవచ్చు.

ఎత్తు సంగతి దీనికన్నా ప్రమాదకరమైనది. పక్కకు పడిపోకుండా బండి ఎంత నిలకడగా ఉంటుందో ఒక చిన్న భాగహారం చెబుతుంది: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించడమే. 1.7 మీటర్ల వెడల్పు, 0.7 మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ ట్రక్కుకు ఇది 1.2. ట్రక్కు 2,300 కిలోలదైతే, దాని మీద 1.6 మీటర్ల ఎత్తున గరిమనాభి ఉన్న 700 కిలోల గట్టి క్యాంపర్ పెడితే 0.93కు దిగుతుంది. 1.4 మీటర్ల ఎత్తున 250 కిలోల తేలిక గది పెడితే 1.1 దగ్గర నిలుస్తుంది. మలుపులో స్టీరింగు పట్టుకున్నవాడికి ఈ తేడా అంకెల్లో కాదు, అరచేతుల్లో తెలుస్తుంది.

గాలి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల బరువులా తోస్తుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు. అందుకే నిద్రపోయేటప్పుడు మాత్రమే పైకప్పు లేచే, పక్కలకు గుడ్డ గోడలుండే క్యాంపర్లు డీజిలు తక్కువ తాగుతాయి. వాటి గుడ్డ గోడల్లోంచి చలి కూడా లోపలికి వస్తుంది, అది వేరే విషయం.

పికప్‌లో క్యాబిన్, తొట్టి వేరువేరు ముక్కలని గమనించే ఉంటారు. రెండింటికీ మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది. కింద నిచ్చెనలాంటి చట్రం గుంతల్లో మెలితిరుగుతుంది, ఆ సందు ఆ మెలికకోసమే. పడక క్యాబిన్ నెత్తి మీదికి వచ్చే క్యాంపర్ క్యాబిన్‌ను ఎక్కడా తాకకూడదు, తాకితే మొదటి గోతిలోనే ఏదో ఒకటి పగులుతుంది. ఫోమ్ గది బాగా బిగువైన పెట్టె కాబట్టి చట్రంతో పాటు మెలితిరగడం దానికి రాదు. తొట్టికి కట్టే గొలుసుల మధ్య స్ప్రింగులు పెట్టి కొంత ఆట ఇస్తారు. జర్మనీ యూనిమాగ్ ట్రక్కుల మీద కట్టే ఇళ్లకు తరచుగా మూడు చోట్ల మాత్రమే ఆను ఇస్తారు. మూడు కాళ్ల పీట ఏ నేల మీదైనా మెలిక పడకుండా నిలుస్తుంది.

ఇప్పుడు లోపల పడుకుందాం. 40 మిల్లీమీటర్ల ఫోమ్ గోడ లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు 0.65 వాట్ల చొప్పున వేడిని వదులుతుంది. 22 చదరపు మీటర్లకు 14 వాట్లు. నిద్రపోతున్న మనిషి ఒంట్లోంచి 75 వాట్ల వేడి వస్తుంది, ఇద్దరికి 150. భాగిస్తే పది డిగ్రీల పైన. అంటే అన్నీ మూసుకుంటే హీటరు లేకుండా, ఒంటి వేడితోనే, బయటకంటే లోపల పది డిగ్రీలు వెచ్చగా ఉండాలి. లోహపు చట్రం ఉంటే ఈ లెక్క తలకిందులవుతుంది: అల్యూమినియం ఫోమ్ కంటే ఆరు వేల రెట్లకు పైగా వేడిని వదులుతుంది, ఒక్కో కమ్మీ ఒక్కో చిల్లు.

అన్నీ మూసుకుంటే అన్నాను కదా, అదే కుదరనిది. నిద్రలో ఒక్కొక్కరు ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు 30 నుంచి 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతారు. 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి గరిష్ఠంగా 17.3 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 8 ఘనమీటర్ల గదిలో ఇది 138 గ్రాములు. ఇద్దరు మనుషులు రెండు గంటల్లో ఆ కోటా నింపేస్తారు. ఆ తర్వాత వచ్చే ప్రతి బొట్టూ లోపల అన్నిటికంటే చల్లగా ఉన్నదాని మీద, కిటికీ అద్దం మీద, లోహపు కమ్మీ మీద, పరుపు అడుగున, నీరై కూర్చుంటుంది. చాలా పాత క్యాంపర్ల చెక్క చట్రాలు పుచ్చిపోయింది వానకే కాదు, యజమానుల ఊపిరికి కూడా. పైన ఒక చిన్న గవాక్షం, కింద ఒక చిన్న కన్నం రాత్రంతా తెరిచి ఉంచాలి. మూడు నాలుగు డిగ్రీల వెచ్చదనం పోతుంది, పోనివ్వాలి.

గ్యాసు పొయ్యితో గది వేడి చేసుకోవాలన్న ఆలోచన చలిలో ఎవరికైనా వస్తుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, గ్యాసు బరువుకంటే నీటి బరువే ఎక్కువ, గాలిలోని ఆక్సిజన్ కలిసింది కాబట్టి. ఆ చెమ్మ ఒక్కటే అయితే తుడుచుకోవచ్చు. ఆక్సిజన్ చాలక అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో పొయ్యి వెలిగించి నిద్రపోకూడదు. హీటరు కావాలంటే మండే గాలిని బయటి నుంచి పీల్చి పొగను బయటికే వదిలే రకమే పెట్టుకోవాలి. ఆ వాయువును పసిగట్టే అలారం తల దగ్గర ఉండాలి. ఫోమ్ మంటకు లోనైతే నల్లటి పొగతో వేగంగా మండుతుంది కాబట్టి తలుపు కాక పడక మీద మనిషి పట్టే రెండో దారి ఒకటి ఉండి తీరాలి. బరువు తగ్గించేటప్పుడు కత్తిరించకూడనివి ఈ అలారం, ఈ రెండో దారి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో పికప్ కొని, దాని వెనుక తొట్టిని చూసి ఇలాంటి ఆలోచన చేసేవాళ్లు అక్కడక్కడా ఉంటారు. ఇక్కడ మనకు పికప్ అంటే కూరగాయల, టెంటుహౌసు సామాన్ల బండి. కుటుంబంతో తిరగడానికి కొనే ఇసుజు వీ-క్రాస్ లాంటివి తిరుపతి జిల్లా శ్రీసిటీ కార్ఖానాలోనే తయారవుతున్నా రోడ్డు మీద అరుదు. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదంటుంది. దించి ఎక్కించే గదిని సామానుగా చూస్తారా, మార్పుగా చూస్తారా అన్నది రవాణా ఆఫీసులో ముందే అడిగి తేల్చుకోవలసిన సంగతి.

గది పూర్తయి, నీళ్లు నింపి, బట్టలు సర్ది, ఇద్దరూ సీట్లలో కూర్చున్నాక ఇంకో పని ఉంది. వేబ్రిడ్జికి వెళ్లి కాటా వేయించాలి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి. తీసివేస్తే వెనుక ఇరుసు భారం వస్తుంది. అమెరికాలో లారీలు ఆగే చోట్ల ఉండే కాటాలు ఒక్కో ఇరుసు బరువును విడిగానే చూపిస్తాయి. డ్రైవరు తలుపు స్తంభం మీద ఇరుసులకు విడివిడిగా గరిష్ఠ భారం కూడా అచ్చయి ఉంటుంది. మొత్తం బరువు హద్దులో ఉండి వెనుక ఇరుసు ఒక్కటే దాటిన ట్రక్కులు చాలా కనిపిస్తాయి. అప్పుడు మొదట నీళ్లు తగ్గించాలి. 40 లీటర్లు వదిలేస్తే 40 కిలోలు అక్కడికక్కడే దిగిపోతాయి. చాలకపోతే బరువుల్ని ముందు గోడకు జరపాలి. ఈలోగా ఎవరో ఒకరు వెనక గట్టి స్ప్రింగులు వేయించుకుంటే సరిపోతుందని చెబుతారు. వేయిస్తే ట్రక్కు వెనక కుంగడం కనిపించకుండా పోతుంది. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే. స్టిక్కరు మీద అంకె కూడా మారదు.